తాటివాగులో ఒక హెచ్

వెంకటప్పయ్య భార్య ఆదెమ్మ చావుబతుకుల్లో ఉందన్న టెలిగ్రాంను గూఢచారి శాఖ వేరే కల్లూరుకు పంపింది. అది తప్పు. ఆ తప్పుకు ఎవరికీ శిక్ష పడలేదు.

గూఢచారి ఎక్కడున్నాడో ఇంటివాళ్లకు తెలియకూడదు. ఏ కబురైనా హైదరాబాదు ఆఫీసుకు వచ్చి, అక్కడి నుంచే అతనికి చేరాలి. వెంకటప్పయ్య అప్పుడు ఖమ్మం జిల్లా కల్లూరులో ఎరువుల ఏజెంటు వేషంలో ఉన్నాడు. ఆఫీసులో ఎవరో కల్లూరు అన్న మాట చూసి, కర్నూలు పక్కనున్న కల్లూరుకు తిప్పి పంపారు. ఇంగ్లీషులో రెండు ఊళ్లకూ అవే అక్షరాలు. అతను కొత్తగూడెం దవాఖానా చేరేసరికి మంచం మీద దుప్పటి కూడా తీసేశారు. పక్కన బల్ల మీద జకర్యా ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

జకర్యా అతనితో ఒకే బడిలో, ఒకే పలక పంచుకుని చదివినవాడు. తర్వాత కెమిస్ట్రీ చదివి సైంటిస్టు అయ్యాడు. టెలిగ్రాం ఇచ్చింది అతనే. ఆదెమ్మ నోట్లో ఆఖరి నీళ్లు పోసిందీ అతనే. "నువ్వొస్తున్నవనే చెప్పిన రా" అన్నాడు. అంతకు మించి ఆ రోజు గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అది 1987. ఇప్పుడు 1998. వెంకటప్పయ్యకు యాభై దాటాయి. శాఖలో అతని నంబరు కె-11. పేరు దగ్గర ఒక్క పొరపాటు జరిగితే మనిషి దక్కడని ఆ శాఖలో అనుభవంతో తెలిసినవాడు అతనొక్కడే. అందుకే ఇంటర్నెట్‌లో ఇంకో పేరు రిజిస్టర్ చేయించమని మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ వద్దన్నారు.

నాలుగోసారి అడగడానికి ఖమ్మం వచ్చాడు.

శాఖ వాళ్ల చోటు ఒక ఎరువుల షాపు వెనక గది. షాపులో కూర్చున్నవాడిని "జింకు వచ్చిందా?" అని అడగాలి. "తడిసింది" అంటే లోపలికి పోవచ్చు. వెంకటప్పయ్య అడిగాడు. వాడు కొత్తవాడు, నిజంగానే జింకు బస్తా తీసి ముందు పెట్టాడు. అతన్ని పక్కకు తోసి వెంకటప్పయ్య లోపలికి వెళ్లాడు.

లోపల చెంచురామయ్య ఉన్నాడు. తెనాలి వైపు మనిషి, ఈ ప్రాంతానికి చీఫ్. ఫ్యాను కింద కూర్చుని జామకాయ కోసుకుంటున్నాడు.

"మళ్లీ ఆ హెచ్ గొడవేనా?" అన్నాడు తలెత్తకుండా.

గొడవ ఇది. మణుగూరు దాటాక అడవి లోపల తాటివాగు అనే చోట ప్రభుత్వం రహస్యంగా ఒక చిన్న ప్లాంటు పెట్టింది. వాగు ఇసుకలోంచి ఒక అరుదైన లోహాన్ని విడదీసే పద్ధతి జకర్యా కనిపెట్టాడు. క్షిపణి ముక్కుకు పనికొచ్చే లోహం. ప్లాంటుకూ ఖమ్మం ఆఫీసుకూ మధ్య ఫోన్లో ఏమీ మాట్లాడకూడదని, ఉత్తరాలన్నీ ఈమెయిల్‌లోనే నడవాలని ఢిల్లీ ఆర్డరు. అందుకోసం ఖమ్మం ఆఫీసుకు ఇంటర్నెట్‌లో ఒక పేరు రిజిస్టర్ చేయించారు. ఢిల్లీ వాళ్లు చేయించారు కాబట్టి వాళ్ల అలవాటు ప్రకారం రాశారు: tativagu.

తెలుగువాడు ఎవడూ అలా రాయడు. తాటిలో మొదటిది త. త అంటే టి పక్కన హెచ్ ఉండాలి. హెచ్ లేకపోతే అది ట. తెలుగు మాటల్ని ఇంగ్లీషులో రాసే ప్రతివాడి చేతికీ ఆ అలవాటు ఉంది. వెంకటప్పయ్య చేతికీ ఉంది. ఒకరోజు తెలియకుండానే thativagu అని కొట్టి మెయిల్ పంపాడు. అలాంటి పేరు లేకపోతే మెయిల్ వెనక్కి రావాలి. రాలేదు. అంటే ఎవరో తీసుకున్నారు.

"ఊళ్లో ఇంటిపేరు పదిమందికి ఉంటది సార్. ఇక్కడ గట్ల కాదు" అన్నాడు వెంకటప్పయ్య. "ఒక పేరు ఒక్కరికే. ఎవరు ముందు రాయించుకుంటే వాళ్లదే. నీకు ఆ పేరు ఎందుకని అడిగేటోడు లేడు. అక్షరం తేడా ఉంటే అది వేరే ఇల్లు. మన ఇంటి పక్కన, మన ఇంటి లెక్కనే ఒక ఇల్లు కట్టుకుని ఎవరో కూర్చున్నరు. మన తెలుగోళ్లు రాసే ఉత్తరాల్ల సగం వాళ్ల గడపలనే పడుతున్నయ్."

ఆ పేరు ఎవరిదో కూడా అతను కనుక్కున్నాడు. ఇంటర్నెట్‌లో పేరు రాయించుకున్నవాళ్లు తమ చిరునామా ఇవ్వాలి. అడిగితే ఎవరికైనా చూపిస్తారు. అడిగాడు. నిర్మలాదేవి, గ్రానైట్ ఎగుమతులు, భద్రాచలం అని వచ్చింది. వెళ్లి చూశాడు. అక్కడ నిర్మలాదేవి లేదు. ప్రమీలారాణి ఉంది. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర, తెల్లకారు. ఆమెతో పాటు గోదావరి ఒడ్డున లాడ్జిలో ఒక సేఠ్ దిగాడు. గ్రానైట్ కొనడానికి ఉత్తరాది నుంచి వచ్చానంటాడు. ఒక్క రాయి కొన్నది లేదు. శాఖ ఏడాదిగా వెతుకుతున్న విదేశీ ముఠాకు ఈ దేశంలో మనిషి అతనే. ఆమె అతనికి దుబాసీ.

చెంచురామయ్య జామకాయకు ఉప్పు అద్దుకున్నాడు. ప్రమీలారాణి పేరు విన్నప్పుడు ఒకసారి దగ్గాడు. అంతే.

"ఇంకో పేరు కొనరయ్యా. ఒక ఆఫీసుకు ఒకటే పేరు, అది రూలు. పైగా ఉన్న పేరు చదివే ఢిల్లీలో నవ్వుతున్నారు. హిందీలో అది పొద్దున్నే చెంబు పట్టుకెళ్లే వ్యవహారంలా వినపడుతుందంట. దానికి జోడీ కావాలని నేనెట్లా అడగను?"

తర్వాత అసలు పని చెప్పాడు. గురువారం జకర్యాను తాటివాగు నుంచి ఖమ్మం స్టేషనుకు చేర్చాలి. అక్కణ్ణుంచి ఢిల్లీ. పద్ధతిలో సగం కాగితం మీద లేదు, అతని తలలో ఉంది. ముఠాకు కావలసింది ఆ తల, ప్రాణంతో. దొరికితే సరిహద్దు అవతలి కుంట వైపు అడవి దాటించేస్తారు. ఆ తర్వాత జకర్యా అనే మనిషి ఎక్కడా కనపడడు.

కొత్తగూడెం దాటాక దారులు రెండు. జూలూరుపాడు మీదుగా ఒకటి, టేకులపల్లి అడవిలోంచి ఇంకొకటి. జీపు టేకులపల్లి దారిలో వస్తుంది. పొంచి ఉన్నవాళ్లు హెచ్ ఉన్న పేరు పెట్టుకుని మన మెయిల్ చదువుతున్నారు గనుక, ఆ పేరుకు అబద్ధం పంపాలి: జూలూరుపాడు దారి. హెచ్ లేని పేరుకు నిజం పంపాలి. అది చూసుకుని ఖమ్మం నుంచి సాయుధ పోలీసులు టేకులపల్లి దగ్గర ఎదురొచ్చి జీపు ఎక్కుతారు. జీపు ఆపడానికి ఒకటే మాట, అదీ ఆ నిజం మెయిల్‌లోనే పోతుంది: పాట. ఆ మాట అన్నవాడికి తప్ప డ్రైవరు ఎవరికీ ఆపడు. ఖాకీ బట్టలకు కూడా.

"మెయిల్ నేనే కొడత సార్" అన్నాడు వెంకటప్పయ్య.

"కుదరదు. ఆ మిషన్ పాస్‌వర్డు టైపిస్టు దగ్గరే ఉంటుంది. రూలు."

"అయితే టైపిస్టుకు సంగతి చెప్పాలె."

"ఆమెకు చెప్పే అనుమతి లేదు."

వేషం కూడా వాళ్లే నిర్ణయించారు. తునికాకు కాంట్రాక్టరు. పట్టు అంచు పంచె, వేలికి ఉంగరం, చంకలో సంచి. బీడీలు చుట్టే ఆ తునికాకు ఎండాకాలంలో కోస్తారు. ఇది వానాకాలం. ఆ సంగతి హైదరాబాదులో ఎవరికీ తెలియదు. అడవిలో ఎదురుపడ్డ ప్రతివాడూ అతన్ని ఎగాదిగా చూశాడు. అడుగున వైర్‌లెస్ దాచిన టార్చిలైటు ఒకటి ఇచ్చారు. చెట్ల మధ్య వైర్‌లెస్ పలకదు. టార్చి మాత్రం బాగా వెలుగుతుంది.

గురువారం పొద్దున తాటివాగులో వాన. ప్లాంటు ఆఫీసు రేకుల షెడ్డు. టైపిస్టు ఇన్నమ్మ, మిషనరీ స్కూల్లో టైపు నేర్చినామె. అక్షరం తప్పు పోనివ్వదని పేరు. వెంకటప్పయ్య రెండు కాగితాలు ఆమెకు ఇచ్చాడు. మొదట అబద్ధం, తర్వాత నిజం. ఒక్కో దాని మీద ఏ పేరుకు పంపాలో రాసి ఉంది. ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నాడు. "అట్లనే సార్" అంది.

మోడెం కీచుమని అరిచి హైదరాబాదు లైను పట్టుకునేలోపు అతను జీపు దగ్గరికి వెళ్లాడు. జకర్యా ముందు సీట్లో కూర్చుని స్వెట్టరు వేసుకుంటున్నాడు. ఢిల్లీలో చలి ఉంటుందని ఎవరో చెప్పారట.

"ఏందిరా ఆ వేషం? ఎవల పెండ్లికి?" అన్నాడు.

"నోరు మూసుకుని కూసో."

డ్రైవరు దస్రు, తండా మనిషి. చెప్పింది చేస్తాడు, చెప్పనిది చేయడు. వెంకటప్పయ్య అతని చేత ఆ మాట రెండుసార్లు పలికించాడు. పాట అన్నవాడికే ఆగాలి. ఇంకెవడు చెయ్యెత్తినా ఆగొద్దు. దస్రు తలూపాడు. జీపు కదిలింది. వెంకటప్పయ్య వెనకుండి ఆఫీసు తాళాలు చూసుకుని, బైకు మీద ఆ దారినే రావాలి.

ఆఫీసులోకి వెళ్లేసరికి ఇన్నమ్మ మిషన్ మీద గుడ్డ కప్పుతోంది. రెండూ పోయాయా అని అడిగాడు.

"పోయినయ్ సార్. రెండోదాంట్ల పేరు తప్పు రాసిన్రు మీరు. నేనే సరిచేసిన."

వెంకటప్పయ్య మిషన్ మీది గుడ్డ లాగేశాడు.

"తాటికి హెచ్ ఉంటది గద సార్" అంది ఆమె. "మొదటిదాంట్ల మంచిగ రాసి, రెండోదాంట్ల మర్సిపోయిన్రు. గట్లనే పోతే ఎక్కడికో పోతది పాపం అనుకున్న."

ఆమె మంచి పనే చేశాననుకుంటోంది. చెప్పే అనుమతి ఉంటే ఒక్క మాటతో పోయేది. నిజం, అబద్ధం రెండూ ఒకే గడపలో పడ్డాయి, శత్రువు గడపలో. రెండోది మొదటిదాన్ని రద్దు చేసిందనే ఎవరైనా అనుకుంటారు. ఖమ్మంలో పోలీసులకు ఏదీ చేరలేదు. వాళ్లు మెయిల్ కోసం కూర్చుని ఉంటారు, అది వచ్చేదాకా లేవరు. అది వాళ్ల రూలు.

రూలు పక్కనపెట్టి ఫోను ఎత్తాడు. మెయిల్ పోయాక ఎక్కడో కొమ్మ విరిగి తీగ మీద పడింది. లైను లేదు. టార్చిలైటు నొక్కాడు. వెలిగింది. దాన్ని వాగులోకి విసిరేసి, గార్డు రాజ్‌దూత్ బైకు తీసుకుని బయలుదేరాడు.

అశ్వాపురం దాకా బురద. ఆ తర్వాత బొగ్గు లారీలు. ఒక్కో లారీ వెనక నల్లనీళ్లు మొహం మీద కొడుతుంటే పట్టు అంచు పంచె నల్లబడింది. పాల్వంచలో టీ కొట్టువాణ్ణి అడిగాడు. జీపు ఇప్పుడే పోయిందన్నాడు, ముందు కూర్చున్నాయన స్వెట్టరు వేసుకున్నాడని నవ్వాడు. కొత్తగూడెంలో బొగ్గు రైలుకు గేటు వేశారు. వ్యాగన్లు ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉన్నాయి. ఆ గేటు దగ్గర నిలబడి ఉండగా అతనికి దవాఖానా గోడ కనిపించింది. తల తిప్పుకున్నాడు. ఇది కూడా ఆలస్యమే అవుతుందని అనుకున్నాడు. అప్పుడు ఒక కబురు తప్పు ఊరికి పోయింది. ఇప్పుడు ఇంకొకటి తప్పు పేరుకు పోయింది. మనిషి మాత్రం మారాడు: అప్పుడు ఆదెమ్మ, ఇప్పుడు ఆమెకు నీళ్లు పోసినవాడు.

టేకులపల్లి దాటాక రోడ్డు ఒక కల్వర్టు దగ్గర కుంగి ఉంది. ఎంత పెద్ద బండైనా అక్కడ నడక వేగానికి తగ్గాలి. వెంకటప్పయ్య మలుపు తిరిగేసరికి, జీపు ఆ గుంటలోకి దిగుతోంది. కల్వర్టు మీద ఖాకీ బట్టల్లో అయిదారుగురు. వాళ్లలో ఒకడి ఖాకీ చొక్కా కింద జరీ చెప్పులు. సేఠ్. వాళ్ల వెనక తెల్లకారు. కారుకు ఆనుకుని నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ప్రమీలారాణి.

అతను ఇంజను ఆపి, బైకు దిగకుండానే వాలులో నిశ్శబ్దంగా జారుతూ, రివాల్వర్ తీశాడు. కాల్చలేడు. జీపుకు ఎదురుగా అయిదు తుపాకులు ఉన్నాయి. తను ఒకణ్ణి కొడితే మిగతావాళ్ల చేతులు ఊరుకోవు. జీపు ఆగితే జకర్యాను దించుతారు. జీపు ఆగుతుంది. ఎందుకంటే ఆ మాట వాళ్ల దగ్గర ఉంది. ఇన్నమ్మ తప్పు లేకుండా కొట్టి పంపింది.

సేఠ్ రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తాడు. డ్రైవరు కళ్లలోకి చూసి, ధీమాగా, ఒక్కో అక్షరం విడదీసి అన్నాడు:

"పతా."

దస్రు కిటికీలోంచి తల బయటపెట్టాడు. వాన చినుకులు తుడుచుకున్నాడు. పెద్ద ఆఫీసరెవరో హిందీలో అడ్రసు అడుగుతున్నాడు. తండాలో పుట్టినవాడికి ఆ మాత్రం హిందీ రాకపోదు.

"ఖమ్మం సాబ్" అన్నాడు మర్యాదగా. "ఖమ్మం టేషన్."

గేరు మార్చాడు. జీపు గుంటలోంచి పైకి లేచింది.

సేఠ్ కాసేపు అర్థం కానట్టు నిలబడ్డాడు. తర్వాత జీపు పక్కన పరుగెత్తాడు. "పతా! పతా!" అని అరిచాడు. దస్రు వేగం పెంచుతూ వెనక్కి చూసి, పాపం సరిగా వినపడలేదేమోనని ఇంకా గట్టిగా చెప్పాడు.

"బస్టాండుకు దగ్గర్నే సాబ్, ఎవర్నడిగినా చెప్తరు!"

జకర్యా ప్రాణంతో కావాలి గనుక ఎవడూ కాల్చలేదు. జీపు మలుపు తిరిగింది.

ఆ మాట మెయిల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పోయింది: pata. తెలుగువాడికి అది పాట. టి పక్కన హెచ్ లేదు కాబట్టి ట. సేఠ్ ఉత్తరాదివాడు. అతను చదివింది పతా.

సేఠ్ కారు దగ్గరికి ఉరికాడు. తాళం ప్రమీలారాణి చేతిలో ఉంది. ఆమె అతన్ని చూసి, చెయ్యి చాపి, తాళాన్ని కల్వర్టు కింద పారే నీళ్లలో వదిలింది. అతని పిస్తోలు ఆమె నుదుటి మీదికి లేచింది. అదే క్షణంలో వాలులో వచ్చిన రాజ్‌దూత్, దాని మీద తునికాకు కాంట్రాక్టరు, ఇద్దరూ కలిసి సేఠ్ నడుముకు తగిలారు. పిస్తోలు ఆకాశంలోకి పేలింది. మిగతావాళ్లు పోలీసులొచ్చారనుకుని ఖాకీ చొక్కాలు విప్పేసి అడవిలోకి పరుగెత్తారు. దారి తెలియక, సాయంత్రానికి వాళ్లంతట వాళ్లే రోడ్డెక్కారు.

వెంకటప్పయ్య సేఠ్ చేతులు తువ్వాలుతో కట్టి, రివాల్వర్ ప్రమీలారాణి వైపు తిప్పాడు.

"నిర్మలాదేవీ, చేతులు పైకెత్తు."

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఆలస్యంగ వచ్చినవు అన్నా" అంది.

"ఏం కథలు పడుతున్నవ్?"

"మెయిల్ ముందుగాల నేను చదివిన. పతా అంటే అడ్రస్ గదా అన్నడు సేఠ్. అవ్, అదే అన్న." చీర కొంగు పిండుకుంది. "మాది ఇల్లందు. పాట అంటే తెల్వదా నాకు?"

అతను రివాల్వర్ దించలేదు. ఆమె ఎవరో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుని, ఎరువుల షాపులో జింకు ఇంకా తడిసే ఉందా అని అడిగింది. అప్పుడు దించాడు.

ఆ సాయంత్రం ఖమ్మం గదిలో చెంచురామయ్య సంతోషంగా ఉన్నాడు. ఢిల్లీకి రిపోర్టు అప్పుడే రాయించేశాడు. అందులో ఎర, వల, చేప అన్న మాటలున్నాయి. పోలీసులు మెయిల్ కోసం కూర్చుని భోజనం చేసి నిద్రపోయిన సంగతి లేదు.

"ప్రమీలారాణి రెండేళ్లుగా మన మనిషే" అన్నాడు. "సేఠ్ నమ్మాలంటే ఏదో ఒకటి వాడి చేతిలో పెట్టాలిగా. అందుకని ఆ హెచ్ పేరు రాయించి ఇచ్చింది."

"పైసలెవరివి?"

చెంచురామయ్య దగ్గాడు. "మనవే."

వెంకటప్పయ్య లెక్క వేసుకున్నాడు. ఇంకో పేరు వద్దని తనకు అన్నిసార్లు చెప్పిన శాఖే అప్పటికి ఆ హెచ్ పేరు కొన్నది. కొని శత్రువుకు ఇచ్చింది. తనకు చెప్పలేదు. ఇన్నమ్మకు చెప్పలేదు. జకర్యా ప్రాణం ఒక హెచ్ వల్ల పోబోయి, ఒక హెచ్ లేకపోవడం వల్ల మిగిలింది. అందులో శాఖ పథకం వేసి చేసిందేమీ లేదు. తను చేసిందీ లేదు.

"ఒక ఆఫీసుకు ఒకటే పేరు అన్నరు" అన్నాడు.

"అది వేరే పద్దు కింద కొన్నామయ్యా."

వెంకటప్పయ్య లేచి స్టేషనుకు వెళ్లాడు. రైలు కదలబోతోంది. జకర్యా కిటికీ దగ్గర స్వెట్టర్లో చెమటలు కక్కుతున్నాడు. జీపులో నిద్రపోయానని, మధ్యలో ఎవడో పోలీసాయన అడ్రసు అడిగితే మెలకువ వచ్చిందని చెప్పాడు.

"దారిల ఏమన్న అయిందారా? నీ పంచె చూస్తే గట్లుంది."

"ఏం కాలే. పోయినంక ఉత్తరం రాయి. జిల్లా పేరు రాయి."

రైలు వెళ్లిపోయేదాకా నిలబడ్డాడు. ఈసారి సమయానికి వచ్చాడు. దాని వల్ల పాతది ఏమీ మారలేదు.

మరుసటి ఏడు అతను రిటైరై కల్లూరులో ఉంటున్నాడు. శాఖ నుంచి ఒక కవరు వచ్చింది. కర్నూలు పక్కనున్న కల్లూరు చూసి వచ్చింది. ఆ ముద్రలు దాని మీద ఉన్నాయి. లోపల ఇంగ్లీషులో ప్రశంసాపత్రం. అందులో అతని పేరు ఒక పి తక్కువగా రాశారు. దాంతో పాటు ఒక విన్నపం: కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఇంటర్నెట్ పేర్లు, వాటి రిజిస్ట్రేషన్ గురించి ఉపన్యాసం ఇవ్వాలి. తాటివాగు ఉదాహరణతో. తేదీ దాటిపోయి చాలా రోజులైంది.

అతను కార్డు తీసుకున్నాడు. జవాబు తెలుగులో రాశాడు, త ఎక్కడో ట ఎక్కడో గుడ్డివాడు కూడా పొరపాటు పడకుండా.

"ఈ మాట నా దగ్గర మళ్లీ ఎత్తొద్దు. నేను దాని గురించి ఇంకెన్నడూ మాట్లాడను."